బ్యాటరీకి బొట్టు

మల్దకల్,
జూన్, మొదటి వాన పడిన మర్నాడు

మా మానసకు,

మీ పెద్దమ్మ జములమ్మ రాస్తున్నది. కవరు చూసి పరేషాన్ కాకు, ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్ ఉండంగ ఈ ఉత్తరమేందని అంటవు. ఫోన్‌ల మీ అన్న మాట వస్తే నాకు ఏడుపు ఆగదు. అవతల నువ్వు "పెద్దమ్మా, పెద్దమ్మా" అనుకుంట ఉంటవు, ఇవతల నేను కొంగు నోట్ల పెట్టుకొని ఉంట. ఇద్దరికీ తిప్పలే. కాగితం మీదైతే ఏడుపొచ్చినప్పుడు కలం పక్కన పెట్టి, పొయ్యి మీద పప్పు చూసొచ్చి మళ్ళీ రాసుకోవచ్చు. నేను చదివింది నాలుగో తరగతి. తప్పులు దిద్దకు. పీటీ టీచరమ్మకు తప్పులతోని పనేంది, విజిల్ ఊదుకో.

అసలు సంగతి చెప్త. మీ అన్న సైకిల్ నువ్వు తీసుకపో. శ్రావణం వస్తే నా కొడుకు ఈరన్న పోయి ఏడాది. హైదరాబాద్‌ల జ్వరమని దవాఖానకు పోయినోడు మళ్ళీ ఇంటికి రాలేదు. సైకిల్ మాత్రం వసారాల వాడు నిలబెట్టిన కాడనే ఉన్నది. కోళ్ళు దాని హాండిల్ మీద పండుకుంటున్నయి. మీ పెద్దనాయిన దాని మీద తువ్వాల ఆరేస్తుండు. మొన్న పట్టుకొని అడిగిన, "ఏందయ్యా, అది పిల్లగాని సైకిలా, దండెమా?" అని. "ఎట్లన్న నువ్వు రోజూ తుడుస్తనే ఉన్నవు గద, జర తడిగుంటే నీకే సులువు" అన్నడు. ఆయనకు గూడ దాన్ని ఒక్కపారి ముట్టుకోవాలని ఉంటది. ఏదో ఒక సాకు కావాలె.

సైకిల్ షాపుల పని చేసుకుంట, ఒకరు వద్దన్న చట్రం, ఒకరు మార్చుకున్న చక్రం కూడబెట్టి కట్టుకున్నడు దాన్ని. గుట్టలెక్కే సైకిల్. మా ఇంట్ల దాన్ని తొక్కే కాళ్ళు లేవు. నీకున్నయి. నీకు నేర్పింది గూడ వాడే.

విత్తన పత్తి కంపెనీ వ్యాను నడిపే శ్రీశైలం మీ వనపర్తి మనిషే. చేను చూసే సారును తోలుకొని వారం వారం మా ఊరికి వస్తడు. ఈ ఉత్తరం, సైకిల్ రెండూ వాని వ్యానుల్నే వస్తున్నయి. కోడి రెట్ట కడిగిన. ఎక్కడన్న మిగిలి ఉంటే తిట్టుకోకు.

మీ పెద్దమ్మ,
జములమ్మ


వనపర్తి,
జూన్ చివరి వారం

పెద్దమ్మకు, మెడలో విజిల్‌తోనే కూర్చొని రాస్తున్న మానస నమస్కారాలు.

సైకిల్ చేరింది. శ్రీశైలం అన్న దాన్ని వ్యానులోంచి దించిన తీరు చూడాల్సింది. అత్తగారింటి ముందు కొత్త కోడల్ని దించినట్టు దించి, "మానసమ్మా, మీ పెద్దమ్మ దారి పొడుగునా మూడుసార్లు ఫోన్ చేసింది, గుంతల కాడ మెల్లగ పొమ్మని. నా పెండ్లానికి నొప్పులొచ్చిన నాడు గూడ ఇంత మెల్లగ నడపలే" అన్నాడు.

మా బడి హాస్టల్ పిల్లలంతా చుట్టూ మూగారు. నేను గొప్పగా ఎక్కి, బటన్ నొక్కితే గేరు పడలేదు. మళ్ళీ నొక్కాను. ఉలకదు, పలకదు. ఎనిమిదో తరగతి వర్ష అన్నది కదా, "మేడం, ఇంత పెద్ద సైకిలుకు సెల్లు అయిపోయిందా?" అని. నవ్వుతో నా పరువంతా గ్రౌండ్‌లో కలిసింది. కానీ పిల్ల చెప్పింది నిజమే.

నీకు అన్న చెప్పే ఉంటాడు. ఈ సైకిల్ గేర్లకు వైరు ఉండదు. హాండిల్ మీద బటన్ నొక్కితే వెనక చక్రం దగ్గరున్న చిన్న మోటారు గొలుసును ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదాని మీదికి జరుపుతుంది. ఆ మోటారుకు అగ్గిపెట్టెంత బ్యాటరీ. అది ఖాళీ అయితే గొలుసు ఉన్న చోటే ఉండిపోతుంది. ఎత్తు వస్తే దిగి నెట్టుకోవడమే.

అన్న దగ్గర అలాంటివి రెండు బ్యాటరీలు ఉండేవి. ఒకటి సైకిల్‌కు, ఒకటి జేబులో. "గుట్ట మీదికి పోయేటోడు నీళ్ళు మరిచినా ఫరవాలే, ఇంకో బ్యాటరీ మరవద్దు" అనేవాడు. సైకిల్‌తో వచ్చిన బ్యాటరీ పూర్తిగా ఖాళీ. రెండోదీ చార్జరూ ఇంట్లోనే ఎక్కడో ఉండాలి. వెతికి పంపవూ?

అమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది. నిన్ను ఒకసారి ఇటు రమ్మని కూడా చెప్పమంది. చెప్పానంటే చెప్పాను.

నీ
మానస


మల్దకల్,
జూలై, దుక్కి అయిన వారం

మానసకు,

నీ ఉత్తరం పుస్తకంల పాఠం లెక్క ఉన్నది. రెండుసార్లు చదివిన. మీ పెద్దనాయినకు గూడ చదివి వినిపించిన. సెల్లు అయిపోయిందా అన్న కాడ ఆయన తువ్వాల అడ్డం పెట్టుకొని నవ్విండు. ఏడాది సంది ఈ ఇంట్ల అసొంటి చప్పుడు లేదు. వర్షకు నా దీవెనలు చెప్పు.

చార్జరు కనపడలేదని రాద్దామని కలం పట్టుకున్న. "కన" దాక రాసి కొట్టేసిన. చూడు, పైన మరక ఉన్నది. చార్జరు ఉన్నది, బ్యాటరీ ఉన్నది. రెండూ దేవుని గూట్ల ఉన్నయి.

నీకు తెల్వదు, చెప్త విను. మీ అన్నకు హైదరాబాద్ రూముల ఒక్కటే ప్లగ్గు. నలుగురు పోరగాళ్ళు దాని కోసం కొట్లాట. అందుకని ఈ బ్యాటరీ పని నాకు అప్పజెప్పిండు. శనివారం పొద్దున స్విచ్ వెయ్యాలె. ఎర్ర లైటు వస్తది. నిండినంక పచ్చ లైటు వస్తది. పదిగొట్టంగ షాపుల నుంచి ఫోన్ చేస్తడు. "అమ్మా, పచ్చ లైటు వచ్చిందా?" వచ్చిందంటే, "ఐతే నేను గూడ వస్తున్న, కారం దోసెలు పొయ్యి" అంటడు. ఆదివారం తెల్లారి గుట్టల మీదికి పోతడు. నాకు పచ్చ లైటు అంటే వాడు బస్సెక్కినట్టే.

ఇప్పటికీ శనివారం శనివారం స్విచ్ వేస్తున్న బిడ్డా. నిండిన దాన్నే పెడుత. అది వెంటనే పచ్చగైతది. దేనికని మీ పెద్దనాయిన అడగడు.

నీకు బ్యాటరీ ఇస్త. చార్జరు మాత్రం ఇయ్య. నిండినది నేను పంపుత, ఖాళీ అయినది నువ్వు పంపు, మళ్ళీ నింపి పంపుత. ఆ పని నాకు ఉండనియ్యి.

పోస్టుల వేద్దామని పోతే ప్రభుదాసు, మన పోస్టాఫీసాయన, డబ్బా మూత తీసి చూసి, "అమ్మా, బ్యాటరీలు పోస్టుల పోవు. మంట వస్తదని రూలు" అన్నడు. "ఏడాది సంది దీపం పక్కన పెట్టిన, దానికి మంట రాలే. నీ సంచిల వస్తదా?" అన్న. నవ్విండు గని తీసుకోలే. ఇగ శ్రీశైలమే దిక్కు. టిఫిన్ డబ్బాల కింద బ్యాటరీ, పైన సజ్జ రొట్టెలు, మామిడికాయ తొక్కు. తొక్కు మూత గట్టిగ పెట్టిన. పెట్టిననే అనుకుంటున్న.

జములమ్మ


వనపర్తి,
ఆగస్టు, గ్రౌండ్ అంతా బురద

పెద్దమ్మా,

తొక్కు మూత నువ్వు గట్టిగా పెట్టలేదు. బ్యాటరీకి నూనె స్నానం అయింది. తుడిచి పెట్టాను. బటన్ నొక్కగానే "టక్". ఆ చప్పుడు నీకు గుర్తుందా? మీ వసారాలో అన్న దాన్ని తలకిందులుగా నిలబెట్టి, నొక్కుతూ, చెవి దగ్గర పెట్టి వినేవాడు. "ఒకటే టక్ రావాలె. రెండు వస్తే తప్పు" అని. ఒకటే వచ్చింది పెద్దమ్మా. ఇప్పుడు గేరు మార్చినప్పుడల్లా మామిడికాయ వాసన. గుట్ట ఎక్కుతుంటే ఆకలేస్తున్నది.

ఖాళీది ఈ డబ్బాలోనే పంపుతున్నాను, దాంతో పాటు అమ్మ చేసిన సకినాలు. నీ ఏర్పాటు నాకు నచ్చింది. అమ్మ మాత్రం, "చార్జరిస్తే అయిపోయేదానికి ఇంత తిరుగుడా?" అన్నది. సకినాలు తిన్నాక ఆమె మీద కోపం ఉండదులే.

ఇంకో సంగతి. దసరా తర్వాత వచ్చే శని, ఆదివారాలు నాగర్‌కర్నూల్ వాళ్ళు కొండ సైకిళ్ళ పోటీ పెడుతున్నారు. నల్లమల అంచున గుట్టల్లో రెండు రోజులు. అన్నా నేనూ కలిసి వెళ్దామనుకున్నది ఇదే. పోయినేడు పేర్లిచ్చే లోపల వాడే లేకుండా పోయాడు. ఈసారి నా పేరు ఇచ్చాను.

చిక్కేమిటంటే, రాత్రి బస మైదానంలో, గుడారాల్లో. చార్జింగ్ పెట్టుకునే వీలు లేదు. బ్యాటరీలు పాతబడ్డాయి, రెండు రోజులు గుట్టలెక్కడానికి ఒకటి సరిపోదు. కాబట్టి ఆ రెండు రోజులూ రెండు బ్యాటరీలూ నా దగ్గరే ఉండాలి. నిండినది నాకు పంపితే, నీ దగ్గర ఏమీ మిగలదు. అది తెలిసే అడుగుతున్నాను. ఏమంటావు?

నీ
మానస


మల్దకల్,
సెప్టెంబరు

మానసకు,

జవాబు ఆలస్యమైంది. చేన్ల క్రాసింగ్ పని. నీకు తెలుసు గద, విత్తన పత్తికి తీరికుండదు. సాయంత్రం మొగ్గ విప్పి లోపలి మగ భాగం గిల్లి ఎర్ర కాగితం గుర్తు పెట్టాలె. తెల్లారి మగ పువ్వు తెచ్చి దానికి రుద్దాలె. ఒక్క మొగ్గ మరిచినా కంపెనీ సారు మొహం చిట్లిస్తడు. నా వేళ్ళన్నీ పసుప్పచ్చగ పుప్పొడి. ఈ కాగితం మీద గూడ అంటింది చూడు.

వానలు బాగున్నయి. మీ పెద్దనాయిన మోకాలు నొప్పి జర తగ్గింది. మా ఎర్ర కోడి పదకొండు పిల్లల్ని లేపింది. హాండిల్ లేక ఇప్పుడు ట్రాక్టరు సీటు మీద పండుకుంటున్నది. కారం పొడి కొట్టిచ్చిన, నింపిన బ్యాటరీతోని నీకు ఒక డబ్బా పంపుతున్న, ఖాళీది ఎప్పటి లెక్కనే మళ్ళీ పంపు. ఎండుమిర్చి ఈసారి ఎక్కువ ఘాటు.

ఇగ నువ్వు అడిగింది. రెండూ నీ దగ్గరుంటే నా దగ్గర ఏముంటది మానసా? గూట్ల ఖాళీ చార్జరు పెట్టుకొని ఏం చూడాలె? శనివారం నాడు స్విచ్ వేస్తే లైటే రాదు. మీరు పడుచుపిల్లలు, మీకు పోటీలుంటయి. ఒక్కదానితోని పోరాదా? లేకుంటే పోకనే ఉండరాదా? గుట్టల మీద పడితే ఎవరు లేపుతరు? ఒక పిల్లగాన్ని పోగొట్టుకున్నది చాలదా నాకు?

కోపంగ రాసిన. కొట్టేయను, కాగితం ఇదొక్కటే ఉన్నది.

జములమ్మ


వనపర్తి,
సెప్టెంబరు నడుమ

పెద్దమ్మకు,

సరే పెద్దమ్మా. ఒక్కదానితోనే వెళ్తాను.

ఉత్తరం చదివి కాసేపు కోపమొచ్చింది, తర్వాత కారం పొడితో అన్నం తిన్నాను, కళ్ళ నీళ్ళు వచ్చాయి. దేనికి వచ్చాయో విడదీసి చెప్పలేను. ఘాటు నిజంగానే ఎక్కువ.

నువ్వు బాధపడొద్దు. బ్యాటరీ అయిపోతే ఏమీ కాదు. గొలుసు ఉన్న గేరులోనే ఉండిపోతుంది, అంతే. ఎత్తు మీద దిగి నెట్టుకుంటాను. నడుస్తూ చెట్లూ పిట్టలూ చూడొచ్చు, ముందు పోయేవాళ్ళకు ఆ భాగ్యం ఉండదు. మా పిల్లలు అప్పుడే పాట కట్టారు. "మా మేడం సైకిల్ తొక్కుతది, సైకిల్ మా మేడాన్ని తొక్కుతది." విజిల్ ఊదినా ఆగడం లేదు.

వెళ్ళడం మాత్రం మానుకోను. అది అడగకు. పడకుండా చూసుకుంటాను. పడ్డా లేవడం అన్న నేర్పించాడు. తొక్కడం కంటే ముందు నేర్పింది అదే.

ఈసారి ఖాళీది పంపుతున్నాను. నువ్వు పంపిన నిండుది సైకిల్‌కు పెట్టేశాను. అమ్మ సున్నుండలు పెట్టింది. ఒకటి శ్రీశైలం అన్నకు ఇవ్వు. పోయినసారి డబ్బా మూత మధ్యలోనే తెరుచుకుందని చెప్పాడు. దానంతట అదే తెరుచుకుందట.

నీ
మానస


మల్దకల్,
నవమి ముందటి రోజు

మానసా,

ఇది చిన్న ఉత్తరం, శ్రీశైలం హారన్ కొడుతుండు.

నెట్టుకుంట పోత అన్నవు చూడు, ఆ మాటకు మీ అన్న యాదికొచ్చిండు. ఒకపారి మీ అన్న గుట్ట మీది నుంచి మధ్యాహ్నం ఎండల సైకిల్ నెట్టుకుంట వచ్చిండు. మొహం ఎర్రగ కాలింది. "ఏమైందిరా" అంటే, "ఏం కాలే అమ్మా. నిన్న నువ్వు ప్లగ్గు పెట్టినవు, స్విచ్ వెయ్యలే" అన్నడు. ఫోన్‌ల నేను లైటు చూడకనే వచ్చిందన్న. వాడు పకపక నవ్విండు. నా చేతుల బ్యాటరీ నిండుగ ఉండంగ ఇంకో పిల్ల గుట్ట మీద నెట్టుకుంట పోతుంటే చూసుడు నాతోని కాదు.

మీ పెద్దనాయినకు చెప్పిన. ఇన్ని దినాలు దాని ముచ్చట ఎత్తని మనిషి, "పోరడు దాన్ని తిప్పనీకె తెచ్చిండే. గూట్ల కూర్చోబెట్టనీకె దేవుడా ఏంది?" అన్నడు. ఆ మాటకు నాకు కోపం రాలే. వచ్చేది, గని రాలే.

రెండో బ్యాటరీ నీకు వస్తది. ఐతే శ్రీశైలం చేతిల కాదు, నేనే తెస్త. అది ఒక్కతే పోదు. పోటీ రెండో రోజు పొద్దున గుట్ట కింద టీ తాగనీకె ఆపుతరని నువ్వు మీ అమ్మ పద్మజకు చెప్పినవట గద, ఆడికి వస్త. శనివారం వనపర్తిల మీ అమ్మ కాడ పండుకొని, ఆదివారం మొదటి బస్సుకు ఇద్దరం బయలెల్లుతం.

పోయిన శనివారమే నిండుగ నింపిన. రేపు ఆయుధ పూజల కొడవళ్ళు, ట్రాక్టరు, మందు కొట్టే పంపుతోని దాన్ని గూడ కూర్చోబెడుత. కుంకుమ పెట్టి తెస్త. దారిల ఏ కీడూ ఉండదు.

జములమ్మ


వనపర్తి,
అక్టోబరు, కాళ్ళకు ఆయింట్‌మెంట్ రాసుకుంటూ

పెద్దమ్మా,

ఆదివారం నువ్వు కొంగు ముడి విప్పి బ్యాటరీ నా చేతిలో పెట్టి, వెంటనే బస్సు కోసం వెళ్ళిపోయావు. అందుకే తర్వాత జరిగింది రాస్తున్నాను. నిలబడి ఉంటే కూర్చో.

నువ్వు వెళ్ళాక పాత బ్యాటరీలో ఇంకా కొంచెం ఉంది కదా అని దాంతోనే గుట్ట ఎక్కడం మొదలుపెట్టాను. సగం ఎక్కానో లేదో ఎర్ర లైటు మిణుకుమని, గేరు ఆగిపోయింది. దిగాను. పెద్ద మొనగత్తెలా జేబులోంచి నీ బ్యాటరీ తీసి, చూడకుండానే పెట్టాను. బటన్ నొక్కితే ఏమీ లేదు. తీసి మళ్ళీ పెట్టి నొక్కినా అంతే. పక్కనుంచి ఒకరి తర్వాత ఒకరు వెళ్తున్నారు. కల్వకుర్తి నుంచి వచ్చిన మధు అని ఒకతను ఆగి, "ఏందక్కా, బ్యాటరీ లేదా?" అన్నాడు. "ఉన్నది తమ్మీ, నిండుగ ఉన్నది, గని పని చేస్తలేదు" అన్నాను. "ఇటియ్యి" అని తీసుకొని ఎండలోకి తిప్పి చూసి, నా మొహం చూశాడు. "అక్కా, దీనికి బొట్టెవరు పెట్టిన్రు?"

పెద్దమ్మా, బ్యాటరీకి ఒక పక్కనుండే బంగారు చుక్కల్లోంచే కరెంటు దాటుతుంది. వాటి మీదే నువ్వు ఇంత మందాన పసుపు పూసి, దాని మీద నిండుగా కుంకుమ పెట్టావు. ఎండి గోడ సున్నంలా గట్టిపడింది. దారిలో ఏ కీడూ రాకూడదని నువ్వు పెట్టావు, కరెంటు కూడా రాలేదు.

ఇద్దరం గుట్ట మధ్యలో కూర్చొని నవ్వడమే నవ్వడం. తర్వాత నా తలపిన్నుతో మెల్లగా గీకి, చొక్కా అంచుతో తుడిచి పెట్టాను. నొక్కాను. "టక్." ఒకటే వచ్చింది. పచ్చ లైటు వచ్చింది.

పైకి ఎక్కేశాను. నా వెనక ఇంకా జనం ఉన్నారు, నిజంగానే ఉన్నారు, మధు సాక్ష్యం. పైన సిగ్నల్ దొరకగానే ఆగలేక నీకు ఫోన్ చేశాను. "పెద్దమ్మా, పచ్చ లైటు వచ్చింది" అన్నాను. నువ్వు పెట్టేశావు. మళ్ళీ చేయలేదు. చేయాల్సింది కాదేమో. లేక చేయాల్సిందేనేమో. నువ్వే చెప్పు.

నీ
మానస


మల్దకల్,
నవంబరు, పత్తి తీత మొదలైంది

మా మానసకు,

ఫోన్ ఎందుకు పెట్టేసిననో చెప్త. బస్సుల కిటికీ కాడ కూర్చున్న. మీ అమ్మ పక్కన నిద్రపోతున్నది. ఫోన్ మోగింది. ఎత్తిన. "పచ్చ లైటు వచ్చింది" అని వినపడ్డది. ఏడాది సంది ఆ మాట అడిగినోళ్ళు లేరు, చెప్పినోళ్ళు లేరు. నా చెయ్యే పెట్టేసింది, నేను పెట్టలే. అట్లనే గద్వాల దాక ఏడ్చుకుంట వచ్చిన. మీ అమ్మ వనపర్తిల దిగిపోయింది, ఏడ్వనీకె తీరిక దొరికింది. కండక్టరు వచ్చి, "అమ్మా, ఏమన్న పోయిందా?" అన్నడు. "లేదయ్యా, దొరికింది" అన్న. నన్ను అదోలా చూసి ముందుకు పోయిండు.

ఇగ బొట్టు సంగతి. నువ్వు నవ్వు, మధును గూడ నవ్వుమను. నేనేం జేత? ట్రాక్టరుకు ముందర పెడుతం, కొడవలికి పిడి కాడ పెడుతం. దానికి ముందేదో ఎనకేదో నాకేం తెలుసు? నాలుగు దిక్కులా నల్లగ ఉన్నది. ఒక్క దిక్కే బంగారు చుక్కలు మెరుస్తున్నయి. మెరిసే దిక్కే మొహం అనుకున్న. మీ పెద్దనాయిన గూడ పక్కన కూర్చొని, "అదే మొహం, కండ్లు కనపడుతున్నయి చూడు" అన్నడు. ఇద్దరం కలిసి దాని కండ్లు మూసినం.

నువ్వు ఫోన్ చేసింది తప్పు కాదు. మళ్ళీ చెయ్యమని మాత్రం ఇప్పుడు చెప్ప. జర ఆగు.

ఖాళీ బ్యాటరీలు పంపుతనే ఉన్నవు, సంతోషం. ఒకటి అడగాలె. ఈ మధ్య నువ్వు పంపిన దాన్ని చార్జరుల పెట్టంగనే పచ్చ లైటు వస్తున్నది. ఎర్ర లైటు కనపడుతనే లేదు. చార్జరుకు బలమొచ్చిందా?

జములమ్మ


వనపర్తి,
డిసెంబరు

పెద్దమ్మకు,

చలికాలం కదా, బ్యాటరీలు తక్కువ తింటాయి. అంతే. ఎక్కువ ఆలోచించకు.

మన బొట్టు కథ హాస్టల్‌లో అందరికీ తెలిసిపోయింది. స్పోర్ట్స్ గదిలో వాలీబాల్ నెట్టుకు, క్యారమ్ బోర్డుకు ఎవరో బొట్లు పెట్టారు. విచారణ చేస్తే వర్ష తేలింది. "మేడం, మొహం ఎటు ఉందో చూసే పెట్టిన" అన్నది.

అమ్మ నిన్ను పండగ లోపల ఒకసారి రమ్మంటున్నది. ఉసిరికాయ తొక్కు పెడుతుందట, నువ్వు పక్కన లేకుంటే ఉప్పు తప్పుతుందట. వచ్చేటప్పుడు నిండిన బ్యాటరీ తెచ్చుకో. ఈసారి మొహం శుభ్రంగా ఉండాలి.

నీ
మానస


మల్దకల్,
జనవరి, చలి ఇంకా పోలేదు

బిడ్డా మానసా,

వనపర్తి నుంచి వచ్చి నాలుగు దినాలైంది. ఉసిరికాయ తొక్కుల ఉప్పు సరిపోయింది. మీ అమ్మకు చెప్పు.

ఇప్పుడు నేను చెప్పేది విని, మీ అమ్మను తిట్టకు. ఆమె తప్పు లేదు. నువ్వు బడి కాడ ఉన్నప్పుడు నేను నీళ్ళు తాగనీకె లోపలికి పోయిన. మీ టీవీ ఎనక ఒక చార్జరు ఉన్నది. మన దానికి తోబుట్టువు లెక్క. కొత్తది. దాంట్ల ఒక బ్యాటరీ కూర్చొని ఉన్నది, పచ్చ లైటు ఎలుగుతున్నది. మీ అమ్మ ఉరికొచ్చి దాని మీద తువ్వాల కప్పింది. కప్పి, "ఏందక్కా, టీవీ పెట్టాల్నా?" అన్నది. నేనేం చూడనట్టే సోఫాల కూర్చొని సీరియల్ చూసిన. ఏం సీరియలో గూడ తెల్వదు. మీ అమ్మకు గూడ తెల్వదు, ఇద్దరం గంట సేపు చూసినం.

చలికి తక్కువ తింటయా మానసా? అవి గూడ సజ్జ రొట్టెలు తిని పండుకుంటయా?

నాకు కోపం లేదు. నీకు చార్జరున్నది. నువ్వే నింపుకొని, ఆ నిండినదే ఖాళీదని నాకు పంపుతున్నవు, నా పని పోవద్దని. నేను దాన్నే మళ్ళీ చార్జరుల పెట్టి నీకు పంపుతున్న. శ్రీశైలం నిండిన బ్యాటరీ తెచ్చి, నిండిన బ్యాటరీ తీసుకపోతుండు. నడుమ రొట్టెలు తింటుండు. ఈ మొత్తంల లాభం వానికే.

మీ పెద్దనాయినకు చెప్తే చాలా సేపు నవ్వి, "నీ చెల్లె బిడ్డ నీ తీరే ఉన్నది" అన్నడు.

ఇంక నిండినది పంపకు బిడ్డా. పోయినేడంత నేను నిండినదాన్నే నింపిన, పెట్టంగనే పచ్చగయ్యేది. ఆ పచ్చ లైటుకు ఎవరూ బస్సెక్కి రాలే. నువ్వు సైకిల్ బాగ తొక్కు. గుట్టలెక్కు, ఆ పిల్ల వర్షను గూడ ఎక్కించు. ఎర్ర లైటు వచ్చేదాంక తొక్కి, అప్పుడు పంపు. ఎన్ని గుట్టలెక్కితే అంత ఖాళీది కావాలె నాకు. శనివారం పొద్దున స్విచ్ వేసి, ఎర్ర లైటు ముందర కూర్చొని, కూరగాయలు తరుక్కుంట, అది పచ్చగయ్యేదాంక చూస్త.

నీ చార్జరు నీ కాడనే పెట్టుకో. గుట్ట మీదికి పోయేటప్పుడు జేబుల రెండోది మాత్రం మరవకు. మీ అన్న మాట అది.

ఇంకొకటి. జర ఆగు అన్న గద పోయిన ఉత్తరంల. ఆగింది చాలు. వచ్చే శనివారం పదిగొట్టంగ ఫోన్ చెయ్యి. ఏమీ ముచ్చట పెట్టకు, మీ అన్న అడిగినట్టే పచ్చ లైటు సంగతి అడుగు. నాకు ఏడుపొస్తే రెండు నిమిషాలు ఆగు, పెట్టెయ్యకు. నేను గూడ పెట్టెయ్య.

వచ్చిందని చెప్త.

మీ పెద్దమ్మ,
జములమ్మ